ఆరో పాఠం జవాబు

నాచారం చౌరస్తాలో జిరాక్స్, నెట్ సెంటర్ నడిపే బుచ్చిరాములు ఏ పని ఎదురొచ్చినా ముందు ఒకటే చూసుకుంటాడు: ఇందులో మనకు మిగిలేదేంటి, పోయేదేంటి. భువనగిరి దగ్గరి పల్లె నుంచి ఉత్త చేతులతో వచ్చినవాడు ఆ బుద్ధి వల్లే నిలబడ్డాడు. పెళ్లి సంబంధం చూసినా, షాపు గోడకు రంగు వేయించినా అదే తూకం. ఆ తూకం తప్పని ఎవరూ అనలేదు, అతనికీ అనిపించలేదు.

2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పుడు ఆ వరసలో సగం షాపులు మూతపడ్డాయి. బస్సుల్లేవు, బడుల్లేవు. బొగ్గు ఆగిపోయి కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. బుచ్చిరాములు షాపుకు మాత్రం సరిగ్గా అప్పుడే కొత్త గిరాకీ తగిలింది. స్కౌట్ మాస్టర్లు వచ్చిపడ్డారు.

అంతకుముందు స్కౌట్ మాస్టర్ కావాలంటే వారం రోజులు గుడారాల్లో ఉండి నేర్చుకోవాలి. ఆ ఏడు జిల్లా స్కౌట్ సంఘం వాళ్లు పాఠాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. తొమ్మిది పాఠాలు, అన్నీ ఇంగ్లిషులో. పాఠం చదివి, చివర ప్రశ్నలకు జవాబులు నొక్కాలి. నూటికి ఎనభై వస్తే పాసు. అన్నీ పాసైతే సర్టిఫికెట్ దానంతటదే బయటికొస్తుంది. పాత మాస్టర్లయినా సరే, దసరా లోపల అది తెచ్చుకోకపోతే పిల్లల్ని క్యాంపుకు తీసుకుపోవడానికి వీల్లేదు.

మాస్టర్లు వచ్చేవాళ్లు, కూర్చునేవాళ్లు, పాఠం సగంలో ఉండగా కరెంటు పోయేది. ఇన్వర్టర్ బుచ్చిరాములు కూర్చునే ఒక్క కంప్యూటర్‌నే లాగేది. చివరికి దారి చూపించింది ఉప్పల్‌లో ఒక ప్రైవేటు బడి డ్రిల్ మాస్టరు నరసింహమూర్తి. యాభై దాటిన మనిషి, కోనసీమ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు.

“నా వల్ల కాదు బుచ్చిరాములూ. మూడుసార్లు కూర్చున్నాను, మూడుసార్లూ ఆరిపోయింది. నా పేరు, పాస్‌వర్డ్ ఈ చీటీ మీద రాశాను. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు నువ్వే కొట్టెయ్.”

“నాకేం దెల్సు సార్ స్కౌటింగు? మా ఊర్ల కర్ర వట్టుకుంటే గొర్లు కాసుడే.”

“తెలియడానికేముంది? తప్పయితే ఎర్రగా చూపిస్తుంది, మళ్లీ నొక్కు. ముప్పై ఏళ్లుగా పిల్లలకు నేర్పుతున్నాను. నాకు వీళ్లు కొత్తగా చెప్పేదేముంటుంది?”

నరసింహమూర్తి పని అయ్యేసరికి రెండు రోజులు పట్టింది. ఆయన నలుగురికి చెప్పాడు, ఆ నలుగురూ ఇంకో నలుగురికి చెప్పారు. ఉప్పల్, బోడుప్పల్, పీర్జాదిగూడల నుంచి చీటీలు రావడం మొదలైంది. దసరా నాటికి బుచ్చిరాములు నలభై ముగ్గురిని స్కౌట్ మాస్టర్లను చేశాడు. ప్రశ్నలు అవే, జవాబులు అవే. చివరికొచ్చేసరికి చాయ్ తాగుతూ, పక్కన జిరాక్స్ తీస్తూ, తెరవైపు సరిగా చూడకుండానే నొక్కేవాడు.

వాటిలో ఒక్కటి మాత్రం అతనికి బాగా గుర్తుండిపోయింది. ఆరో పాఠం ప్రథమ చికిత్స. పాము కరిచిన చోటికి పైన తాడుతో గట్టిగా కట్టాలా? నరసింహమూర్తి పేరు మీద మొదటిసారి అతను ‘అవును’ నొక్కాడు. ఊళ్లో ఎవరికి కరిచినా కట్టడమే కదా చూశాడు. తెర ఎర్రబడింది. కట్టకూడదట. కడితే నెత్తురు ఆగిపోయి కింది కండ చచ్చిపోతుంది. చెయ్యో కాలో కదలకుండా ఉంచి వెంటనే దవాఖానకు తీసుకుపోవాలట. ఓహో అనుకుని ‘కాదు’ నొక్కాడు.

అన్ని పాఠాలూ తానే కూర్చుని చదివింది ఒక్క పద్మశ్రీయే. డిగ్రీ చదువుతున్న పీర్జాదిగూడ అమ్మాయి, నరసింహమూర్తి స్కౌట్ దళానికి కొత్తగా సహాయ నాయకురాలైంది. కరెంటు పోతే మెట్ల మీద కూర్చునేది, వస్తే మళ్లీ లోపలికి వచ్చేది. ఆరో పాఠం దగ్గర ఆమె కూడా ‘అవును’ మీదికి పోతుంటే పక్క కంప్యూటర్ నుంచి బుచ్చిరాములు నవ్వాడు.

“కాదు అని నొక్కు చెల్లె. నేను గూడ మొదట్ల గట్లనే బోల్తాపడ్డ.”

“నొక్కుడు కాదన్నా, ఎందుకు కట్టొద్దో సదువుకోవాలె,” అని ఆమె పేజీ వెనక్కి తిప్పింది.

దసరా పోయిన రెండో ఆదివారం నారపల్లి అవతల, ఇంకా అమ్ముడుపోని ప్లాట్ల మధ్య నరసింహమూర్తి ఒక రోజు క్యాంపు పెట్టాడు. సంఘంలో శిక్షణ చూసే తారామణి మేడమ్ కార్లో వచ్చింది. ఈ వైపు మాస్టర్లంతా గడువు లోపల పాసయ్యారని ఆమెకు సంతోషం. వచ్చే ఏడు జిల్లా మొత్తం స్కౌట్ల రిజిస్ట్రేషన్ పని బుచ్చిరాములుకే ఇప్పిస్తానని మాటిచ్చింది. అందుకే అతను పిలవకపోయినా బ్యానరు, పులిహోర పొట్లాలు స్కూటరు మీద వేసుకుని పోయాడు. మొహం చూపించుకోవడం వ్యాపారంలో సగం పని.

పదిన్నరప్పుడు పొయ్యి కోసం రాళ్లు ఏరుతున్న విక్రమ్ కేక వేశాడు. ఎనిమిదో తరగతి పిల్లవాడు. తండ్రి లేడు, తల్లి శాంతాబాయి నాచారంలో ప్లాస్టిక్ కవర్ల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. కుడిచేతి బొటనవేలి కింద రెండు గాట్లు. రాళ్ల సందులోకి జారిపోతున్న రక్తపింజరను అందరూ చూశారు.

నరసింహమూర్తి పరుగెత్తుకొచ్చాడు. పిల్లవాణ్ణి ఒళ్లోకి లాక్కుని, గుడారం తాడు తీసి మోచేతి కింద రెండు చుట్లు వేశాడు.

“కట్టొద్దు సార్!” పద్మశ్రీ ఆయన చెయ్యి పట్టుకుంది.

“పక్కకు జరుగు తల్లీ, విషం పైకెక్కుతుంది.”

“ఆరో పాఠంల ఉంది సార్. కడితే చెయ్యే పోతది. కదలకుండ వెట్టి మేడమ్ కార్ల తీస్కపోదాం.”

“ఆరో పాఠం నేనూ పాసయ్యానమ్మా. తొంభై ఐదొచ్చింది నాకు.”

తారామణి విసుక్కుంది. “మొన్న వచ్చిన పిల్లవి, ఆయనకు చెప్తావా? డ్రైవర్ని పిలువు ముందు.”

పద్మశ్రీ చుట్టూ చూసి, పొట్లాల సంచి పట్టుకుని నిలబడ్డ బుచ్చిరాములు మీద కళ్లు నిలిపింది. “అన్నా, నువ్వన్న చెప్పు! నీకు ఎరుకే గదా!”

అందరూ అతని వైపు తిరిగారు. లెక్క వేయడానికి గుక్క నీళ్లు తాగేంత సేపు కూడా పట్టలేదు. నాకు తెలుసు అంటే, నీకెలా తెలుసని మేడమ్ అడుగుతుంది. ఒక్క నరసింహమూర్తితో ఆగదు. నలభై మూడు సర్టిఫికెట్లూ బయటపడతాయి. జిల్లా పని పోతుంది, షాపు పేరు పోతుంది. ఊరుకుంటే? కట్టినంత మాత్రాన చెయ్యి పోతుందా? ఊళ్లో ఎంతమందికి కట్టలేదు! కంప్యూటర్ చెప్పిందంతా నిజమేనా?

“నాకేం దెల్సు చెల్లె. కరెంటొస్తే కంప్యూటర్ ఆన్ జేసిస్త, గంతే.”

పద్మశ్రీ నరసింహమూర్తి చెయ్యి వదిలేసింది.

“ఆ పుల్ల ఇటివ్వు బుచ్చిరాములూ,” అన్నాడు నరసింహమూర్తి. కాళ్ల దగ్గర పడి ఉన్న పుల్లను అతను తీసిచ్చాడు. తాడు కింద దూర్చి నరసింహమూర్తి మెలితిప్పాడు. ముడి ఎంత అందంగా పడిందంటే, ఏడుస్తున్న పిల్లల్లో ఒకడు ఏడుపాపి చూశాడు.

బోడుప్పల్‌లో మొదట ఆగిన నర్సింగ్‌హోమ్‌లో పాముకాటు మందు లేదు. విప్పితే విషం ఒక్కసారిగా గుండెకెక్కుతుందని కార్లో ఎవరూ తాడు ముట్టలేదు. ఉప్పల్ చౌరస్తాలో రాస్తారోకో. పిల్లవాణ్ణి చూసి ఉద్యమం కుర్రాళ్లే లేచి దారిచ్చారు కానీ, వెనక ఇరుక్కున్న లారీలు కదలాలి కదా. పెద్ద దవాఖాన చేరేసరికి ఒంటిగంటన్నర దాటింది. వెనకే స్కూటరు మీద వచ్చిన బుచ్చిరాములు డాక్టరు మొదటి మాట విన్నాడు.

“దీన్ని ఎవరు కట్టింది?”

చెయ్యి నల్లబడి ఉంది. “విషానికి మా దగ్గర మందుంది. దీనికి లేదు,” అన్నాడు డాక్టరు. నాలుగో రోజు మోచేతి కింద తీసేశారు.

పది రోజులకు నరసింహమూర్తి షాపుకు వచ్చాడు. గడ్డం మాసిపోయింది. గిరాకీ వెళ్లేదాకా ఆగి, స్టూలు మీద కూర్చున్నాడు.

“బుచ్చిరాములూ, ఆ పాముకాటు ప్రశ్న... నేనేం జవాబు రాశాను?”

“ఇప్పుడెందుకు సార్ గదంత?”

“చెప్పవయ్యా. నా పేరు మీదే కదా ఉంది.”

“కాదు అని రాసిన్రు సార్. కట్టొద్దు అని.”

ఆయన తల ఊపాడు. “మరి అక్కడెందుకు నోరెత్తలేదు నువ్వు?”

“మీరెందుకు ఆ పిల్ల మాట ఇనలే సార్?”

నరసింహమూర్తి లేచాడు. “సంఘం విచారణకు సర్టిఫికెట్ కావాలట. ఒక కాపీ తియ్యి,” అని తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ సర్టిఫికెటే ఆయన్ను కాపాడింది. తర్ఫీదు పొందిన నాయకుడు దగ్గరుండి ప్రథమ చికిత్స చేశాడని సంఘం రాసుకుంది. పద్మశ్రీ సంఘానికి రెండుసార్లు ఉత్తరం రాసింది, జవాబు రాలేదు. ఆమె దళం మానేసింది. షాపు ముందు నుంచి పోయేటప్పుడు రోడ్డు దాటి అవతలి వైపు నడిచేది. జిల్లా పని బుచ్చిరాములుకే వచ్చింది. అతని లెక్క ఒక్కటి కూడా తప్పలేదు. అన్నం మాత్రం సయించేది కాదు. దవాఖానలో చూపించుకుంటే గ్యాస్ అన్నారు.

డిసెంబరులో శాంతాబాయి వచ్చింది. చీర కొంగులో చుట్టిన కాగితాలు కౌంటరు మీద పెట్టింది.

“మా పిలగానికి వికలాంగుల సర్టిఫికెట్ కావాలె అన్నా. కంప్యూటర్ల దరఖాస్తు పెట్టాలెనట.”

అతణ్ణి ఆమె గుర్తుపట్టలేదు. దవాఖాన వరండాలో ఆ రోజు ఆమె ఎవరినీ చూడలేదు. బుచ్చిరాములు కాగితాలు విప్పాడు. డాక్టరు ఇంగ్లిషులో స్పష్టంగానే రాశాడు: గట్టిగా కట్టిన కట్టు వల్ల మూడు గంటలు రక్తప్రసరణ ఆగి, చెయ్యి చచ్చిపోయింది.

“గండ్ల ఏం రాసిన్రు అన్నా? అందరు పాము కరిచె, చెయ్యి పాయె అంటరు. నాగుల చవితినాడు పుట్టకాడికి పోయి మొక్కిన. తల్లీ, నేనేం తప్పు జేస్తి, నా మీద కోపముంటే నన్నే కరవకపోతివి అని. ఇంట్ల నా ఆడిబిడ్డ గూడ గదే అంటది. నీ పాపమే పిలగాన్ని తగిలింది అంటది.”

బుచ్చిరాములు కీబోర్డు పక్కకు జరిపాడు.

“పాము వల్ల పోలేదక్కా.”

“ఏందీ?”

“తాడు వల్ల పోయింది. గట్టిగ కట్టిన్రు, నెత్తురు ఆగింది. గదే రాసిండు డాక్టరు.”

“కట్టకపోతే ఉంటుండెనా?”

“ఉంటుండె గావొచ్చు అక్కా.”

“అంతమంది పెద్దోళ్లు ఉన్నరు గదా ఆడ. కట్టొద్దని ఒక్కరికి గూడ తెల్వదా?”

తెలియదు అంటే సరిపోయేది. ఆమె నమ్మేది, దరఖాస్తు తీసుకుని పోయేది.

“పద్మశ్రీ అని ఒక పిల్లకు తెల్సు. మొత్తుకున్నది. ఇంకొకనికి తెల్సు. ఆ పిల్ల వాన్ని అడిగితే నాకు తెల్వదన్నడు.”

“ఎవడు వాడు?”

“నేనే.”

శాంతాబాయి కౌంటరు అంచు రెండు చేతులతో పట్టుకుంది. వెనక జిరాక్సు కోసం వచ్చిన ఇద్దరు దగ్గరికి జరిగారు.

“రాయి,” అంది.

“ఏంది అక్కా?”

“ఇప్పుడు నాతోని అన్నది. ఉన్నదున్నట్టు రాయి. కింద నీ పేరు వెట్టు. ఠాణాల ఇస్త.”

అతనికి అలవాటైన లెక్క దానంతటదే మొదలైంది. షాపు, జిల్లా పని, నలభై ముగ్గురు మాస్టర్ల శాపనార్థాలు, కేసు, భువనగిరిలో ముసలి తండ్రి చెవిన పడే మాట. అన్నీ ఒక వైపు పెట్టాడు. రెండో వైపు పెట్టడానికి అతని దగ్గర ఏమీ లేదు. రాయకపోతే ఏదో మిగులుతుందన్న నమ్మకం కూడా లేదు. టైపు చేయడం మొదలుపెట్టాడు. చీటీల దగ్గర నుంచి పుల్ల అందించడం దాకా రాశాడు. స్టూలు చూపిస్తే ఆమె కూర్చోలేదు.

కాగితం బయటికొచ్చాక ఆమె అతని దగ్గర్నుంచి తీసుకుని, వెనక నిలబడ్డ కాలేజీ అమ్మాయికి ఇచ్చింది.

“నాకు సదువు రాదు బిడ్డా. గీయన ఏం రాసిండో జర పైకి సదివి వినిపియ్.”

ఆ అమ్మాయి చదివింది. మధ్యలో ఒకచోట ఆగి బుచ్చిరాములు వైపు చూసి, మళ్లీ చదివింది. షాపులో ఉన్న నలుగురూ విన్నారు. మెట్ల పక్కన చాయ్ బండికి కుర్చీలు వేసే తాత కూడా విన్నాడు. అయిపోయాక శాంతాబాయి కాగితం కౌంటరు మీద పరిచింది. బుచ్చిరాములు సంతకం చేశాడు.

ఆమె దాన్ని మడిచి జాకెట్లో దోపుకుంది. తర్వాత దవాఖాన కాగితాలు అతని ముందుకు జరిపింది.

“ఇగ మా పిలగాని దరఖాస్తు నింపు.”

“సరే అక్కా.” అతను తెర వైపు తిరిగాడు. పేరు, వయసు, తల్లి పేరు నింపాడు. తర్వాతి గడిలో ఏ చెయ్యి అని ఉంది. అడగనక్కర్లేదు.

“కుడి,” అంది శాంతాబాయి. “కుడి అని వెట్టు.”