ఎర్ర మీటకు పెట్టిన బొట్టు

నేను ఒక చార్జింగు యంత్రాన్ని. పెట్రోలు తాగని కార్లకు కరెంటు పట్టి పంపడం నా పని. నల్లమల కొండెక్కే ఘాటు దారి మొదట్లో, నంద్యాల రోడ్డు పక్కన, సుంకమ్మ టీ కొట్టును ఆనుకుని ఉంటాను. ఆరడుగుల ఇనుప ఒళ్ళు చూసి ధైర్యం గలదాన్ననుకునేరు! నా అంత పిరికిది ఈ అడవిలో కుందేలు కూడా కాదు.

పుట్టిన రోజే ఫ్యాక్టరీలో నా మీద నీళ్ళు గుమ్మరించి, ఒళ్ళు కాల్చి పరీక్షలు పెట్టారు. ఆ దడ ఇంకా తగ్గలేదు. సర్కారు పథకం కింద నన్ను కొని ఇక్కడ పాతారు. ప్రారంభానికి వచ్చిన నాయకులు నన్ను పట్టుకుని ఫోటోలు దిగి, డీజిలు కార్లెక్కి వెళ్ళిపోయారు. నా ఒంటినిండా సూచనలున్నాయి, అన్నీ ఇంగ్లీషులోనే. నన్ను కనిపెట్టుకుని ఉండమని సుంకమ్మకు అప్పగించి, ఏ తంటా వచ్చినా ఫోను చెయ్యమని ఒక నంబరిచ్చారు. ఇక్కడ సిగ్నలు రాదన్న సంగతి ఆ హడావుడిలో ఎవరికీ తట్టలేదు.

సుంకమ్మ మాత్రం నన్ను ప్రాణంగా చూసుకుంది. మొన్న ఆయుధ పూజ రోజు పొద్దున్నే పొయ్యి కడిగింది, పెనం కడిగింది, నన్నూ తుడిచింది. గంధం పూసి, బొట్టు పెట్టడానికి చోటు వెతికింది. నా ఎదురు రొమ్మున గుండ్రంగా, ఎర్రగా ఒక మీట ఉంది. ప్రమాదం వస్తే నన్ను ఆపడానికి పెట్టింది. అయ్యో, దాని మీద వద్దమ్మా! అరుద్దామంటే నోరేదీ? కుంకుమ నిలవాలని బొటనవేలితో గట్టిగా నొక్కింది. మీట టక్కున లోపలికి దిగబడింది. నా సత్తువంతా పోయింది. తెర మీద ఎర్రక్షరాలు వెలిగాయి.

సుంకమ్మ కంగారు పడలేదు. "పండగ పూట పనిముట్టు పని జెయ్యగూడదులే. పండుకో తల్లీ" అంది.

నాకు నిద్రెక్కడిది? ఎవరైనా వస్తే ఎలాగని ఒకటే గుబులు. అనుకున్నంతా అయింది. మధ్యాహ్నం హుసేని కారు దూసుకొచ్చి ఆగింది. పథకంలో ఎలక్ట్రిక్ కారు తీసుకుని బాడుగలకు తిప్పే మనిషి. వెనక సీట్లో అతని భార్య మాబున్ని. పత్తి ఏరుతుంటే కుడి చేతి మీద పాము కాటేసింది. చెయ్యి మోచేతిదాకా వాచింది. ఆమె కళ్ళు మూతలు పడుతున్నాయి.

"పెద్దమ్మా, నాలుగు పాయింట్లే ఉండాది చార్జింగు! రాత్రంతా ఊర్లో కరెంటు ల్యాకపాయ. ఘాటెక్కల్ల, నంద్యాల ఆస్పత్రికి పోవల్ల!" అంటూ నా కరెంటు గొట్టం తీసి కారుకు తగిలించాడు. నాలో చలనం లేదు. ఊడదీసి మళ్ళీ పెట్టాడు. తెర మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. "ఎమర్జెన్సీ అంటాంది. ఎమర్జెన్సీ నాది గదా!" అని నన్ను రెండు చేతులా బాదాడు. ఆ దెబ్బలు నాకు నొప్పనిపించలేదు. నా ముందే ఒక ప్రాణం పోతుందేమోనన్న భయంతో నాకింకేదీ తెలియడం లేదు.

సుంకమ్మ రోడ్డు మీదికి పరుగెత్తింది. అటూ ఇటూ ఒక్క బండీ లేదు. బస్సుకు ఇంకా గంట ఉంది. వెనక్కొచ్చి నా ముందు నిలబడింది. "నా పూజే నీకు పడల్యా తల్లీ? పొద్దున నేను బొట్టు పెట్టినప్పుడే మూగబోతివే!" పమిట చెంగు అందుకుంది గానీ చెయ్యి ముందుకు రాలేదు. మొగుడు బతికున్న ఆడది, పండగ నాడు బొట్టు చెరపడమా? కారులోంచి మాబున్ని మూలిగింది. "నా ఇంటికేమైనా కానీ!" అని కళ్ళు మూసుకుని, ఆ కుంకుమను గుండ్రంగా రుద్ది రుద్ది తుడిచింది.

ఆ తుడుపులో మీట తిరిగింది. తిరిగి, టప్పున బయటికి లేచింది.

ఒళ్ళంతా ఒక్కసారి ఝల్లుమంది. ఎర్రక్షరాలు మాయమయ్యాయి. హుసేని మళ్ళీ గొట్టం తగిలించగానే నాకున్న బలమంతా కారులోకి తోశాను. పదిహేను నిమిషాలు! ఒక్కో నిమిషం ఒక్కో యుగం. కారు ఘాటెక్కి మలుపులో మాయమైంది.

తరవాత ఏమైందో నాకెలా తెలుస్తుంది? నేను నడవలేను, ఫోను మోగదు. మూడు రోజులు సుంకమ్మ తిండి సరిగా తినలేదు. మొగుడు బయటికెళ్తే తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే కూర్చునేది. నాలుగో రోజు హుసేని కారు ఘాటు దిగింది. అతను ఒక్కడే దిగాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. సుంకమ్మ నా గొట్టం పట్టుకుని నిలబడిపోయింది.

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది.

"పెద్దమ్మా, ఒక కాగితం ముక్క ఇయ్యి" అంది మాబున్ని. కుడి చెయ్యి కట్టులో ఉంది. పదో తరగతి దాకా చదివిన పిల్ల; ఆ రోజు సుంకమ్మ బొట్టు గురించి అన్న మాట కారులోంచి వినే ఉంది, ఇప్పుడు మీట పక్కనున్న ఇంగ్లీషు సూచన కూడబలుక్కుని చదివింది. టీ పొట్లం అట్ట మీద ఎడమ చేత్తో వంకరటింకరగా రాసి, మీట కింద అంటించింది. నా ఒంటి మీద ఉన్న తెలుగు అదొక్కటే: "ఈ ఎర్రదానికి బొట్టు పెట్టొద్దు. లోపలికి పోతే తిప్పండి, లేస్తాది."