కల్వానికి పెట్టిన బొట్టు

చందమామ రాళ్లలో సీసం లేనట్టుగానే ఉంటుంది. పది లక్షల పాళ్లలో ఒక పాలు, మహా అయితే రెండు. నా రాయిలో ఏడు వచ్చింది.

చంద్రుడి నుంచి ఊడిపడ్డ ఉల్క ముక్క అది, శనగగింజంత. మా సారు రెండేళ్లు బతిమాలి తెప్పించారు. దాన్నంతా కల్వంలో వేసి నూరేశాను, మళ్లీ కొలుద్దామంటే చిటికెడు కూడా మిగల్లేదు. మురికి ఎక్కడ కలిసిందో తేలేదాకా నా థీసిస్ కదలదన్నారు సారు. ఆమ్లాలు చూశాను, నీళ్లు చూశాను, అన్నీ శుభ్రమే. చివరికి కల్వాన్ని బోర్లిస్తే అడుగున పసుపుపచ్చ మరక.

రాయి నూరకముందు, దసరా సెలవులకు, అప్పుడే కొన్న ఆ కల్వాన్ని ఆయుధపూజకని మా ఊరు ఎల్లారెడ్డికి తీసుకెళ్లాను. పండుగనాడు అమ్మ తన బీడీల కత్తెరతో పాటు దానికీ లోపలా బయటా పసుపు రాసి బొట్టు పెట్టింది. తిరిగొచ్చాక ఆమ్లంలో నానబెట్టాల్సింది. అమ్మ రాసిన పసుపుకు మైలేమిటని ఉత్త నీళ్లతో కడిగాను. ఇన్నేళ్ల చదువు ఆ ఒక్క పూట గంగలో కలిసింది.

అమ్మ మీద ఒళ్లు మండింది. ఆ కోపంలోనే మరకను గీకి యంత్రంలో పెట్టాను. అంకె చూశాక కోపం పోయి భయం పట్టుకుంది. పసుపులో సీసం ఉండకూడదు. ఎవడో పచ్చగా మెరవాలని సీసపు రంగు కలిపాడు. మా సుష్మిత అక్కకు ఏడో నెల, పుట్టింట్లోనే ఉంది.

ఫోన్ చేసి వాడొద్దంటే, పసుపు లేని వంట ఉంటదా అని అమ్మ నవ్వింది. వెంటనే బస్సెక్కాను. కామారెడ్డిలో దిగి ఎల్లారెడ్డి బస్సు అందుకున్నాను.

నేను వెళ్లేసరికి అక్క చేతిలో పసుపు పాల గ్లాసు ఉంది. గుంజుకుని పారబోశాను. విషయం చెప్పాను.

"నీ రాయి నా వల్లనే ఖరాబైందా బిడ్డా?" అంది అమ్మ.

"రాయి పోతే పోనియ్యవ్వా. ఈ పసుపు ఎప్పటిసంది వాడుతున్నవ్?"

అమ్మ అక్క వైపు చూసింది. "దీనికి నెల తప్పినప్పటిసంది. పొద్దుమాపు పాలల్ల ఏసిచ్చిన. మంచి పచ్చగున్నదని ఏరి మరీ తెచ్చిన."

డబ్బా పట్టుకుని వాకిట్లోకి నడిచింది. పసుపును నలుగురు తొక్కేచోట పోయకూడదు. ఎక్కడ పోయాలో తెలియక అక్కడే నిలబడిపోయింది.

అక్క ఏడవలేదు. కడుపు మీద ఒక చేయి పెట్టుకుని, రెండోది నా ముందు చాచింది.

"నెత్తురుల గూడ ఎంతున్నదో ఎరుకైతదా?"

అవుతుందన్నాను. రేపు కామారెడ్డిలో రక్తం పరీక్షకు ఇద్దామన్నాను. సీసం కడుపులో బిడ్డ మెదడును ఏం చేస్తుందో మాత్రం చెప్పలేకపోయాను. లేనట్టుగా ఉంటే చాలు, చందమామ రాయిలో ఉన్నంతే ఉంటే చాలు అనుకుంటూ ఆ చేయి పట్టుకుని కూర్చున్నాను.