ముట్టుకోవద్దన్న గొంగళిపురుగు

“అది గాని సచ్చిపోతే ఆ పాపం ఎవరికి సుట్టుకుంటాది అత్తా?”

గొంగళిపురుగు అప్పటికి నిక్షేపంగా కరివేపాకు నములుతోంది. అయినా తులసికి అడగకుండా ఉండబుద్ధి కాలేదు.

“ముందు దాన్ని సావనీ, తర్వాత సూద్దాం,” అంది అచ్చమ్మ వక్కలు కత్తిరిస్తూ.

తులసి కూతురు అన్విత బరంపురంలో జువాలజీ డిగ్రీ చదువుతోంది. ఆ పొద్దున పీతల్ని చూడ్డానికి కాలేజీ బస్సులో గోపాల్‌పూర్ సముద్రతీరానికి బయల్దేరుతూ, అంకులిలోని తమ ఇంటి వరండాలో రెండు కరివేపాకు కుండీలు పెట్టి తల్లికి పాఠం చెప్పింది. కుండీకొక పచ్చటి పురుగు. వాటి ఒంటిమీద కంటికి ఆనని నూగు ఉంటుంది. దానికి ఏది తగిలినా పురుగుకి తెలిసిపోతుంది, తల వెనకనుంచి నారింజరంగు కొమ్ములు కంపుతో సహా తన్నుకొస్తాయి. పురుగు ఒంట్లో గుడ్లు పెట్టే సన్న కందిరీగల్ని తరమడానికి దానికున్న ఆయుధం అదే.

“ఒంట్లో గుడ్లా?” తులసి గుండె మీద చెయ్యేసుకుంది.

“ఆఁ. పిల్లలు లోపలే ఉండి దాన్నే తింటూ పెరుగుతాయి.”

“నేనూ నలుగుర్ని అలాగే పెంచాను,” అంది అచ్చమ్మ.

“ఎడమదాన్ని రోజూ వెంట్రుకతో తాకుతున్నానమ్మా. ఎన్నోసారికి విసిగి కొమ్ములు తియ్యడం మానేస్తాదో సూడ్డానికి. కుడిదాన్ని పుట్టాక ఎవరూ తాకలేదు. రేపు సార్ ముందు రెండిటినీ పోల్చి సూపించాలి. నువ్వు కుడిదాన్ని ముట్టుకోకు. నా మీద ఒట్టు.”

బస్సు ఊరు దాటిందో లేదో, కుడి కుండీలో పురుగు కదలడం మానేసింది. తిన్నాక పడుకుంది కాబోలు అని ఇంకెవరైనా అనుకునేవారు. తులసి మాత్రం పోయిందనుకుంది. అగరుబత్తి పుల్ల చేతిలోకి తీసుకుని, వరండా గట్టువైపు తిరిగి, “ఒట్టు తీసి గట్టుమీద పెట్టాను,” అని మూడుసార్లు గొణిగి, పురుగుని మెల్లగా పొడిచింది.

కొమ్ములు టక్కున లేచాయి. కంపు గుప్పుమంది. బతికే ఉంది!

అయిదు నిమిషాలకి మళ్లీ అనుమానం. మళ్లీ గట్టు, మళ్లీ పుల్ల. మధ్యమధ్యలో అన్వితకి ఫోను. “నీళ్లలోకి దిగకు.” “పీతని సేత్తో పట్టుకోకు.” నాలుగోసారికి ఆ పిల్ల ఎత్తలేదు.

“ఎత్తడం లేదత్తా! కెరటమేదైనా...”

“కెరటానికేటి పని? నన్ను అలా పొడిస్తే నేనూ ఎత్తను. నాకు కొమ్ముల్లేవు గాని.”

పదకొండు గంటలకి ఒక కందిరీగ వచ్చింది. ఆవగింజంత ఒళ్లు, దారప్పోగులాంటి నడుం. పురుగు వీపుమీద వాలి, తడుముకుంటూ నడిచింది.

“తియ్యవే! కొమ్ములు తియ్యి!” అని అరిచింది తులసి.

పురుగు తియ్యలేదు. పొద్దున్నుంచి ఊరికే పిలిస్తే పలికి పలికి, అసలు దొంగ వచ్చేవేళకి ఓపిక అయిపోయినట్టుంది. తులసి పైటకొంగు విసిరింది. కందిరీగ లేచిపోయింది. ఎంతసేపు వాలిందో, ఏం చేసి పోయిందో దానికే ఎరుక.

తులసి పుల్లని రెండుగా విరిచి గట్టవతల పారేసి, కుండీ ముందు కూలబడింది. ఒట్టు గట్టుమీదే ఉందా, జారి సముద్రం దాకా పోయిందా? ఫోను చెయ్యడానికి చెయ్యి రాలేదు. కుండీలు అటుది ఇటు, ఇటుది అటు మార్చేస్తే ఎవరికి తెలుస్తుంది? తప్పంతా అత్తగారి మీదకి నెట్టేస్తే?

“నా వైపు అలా సూడకు,” అంది అచ్చమ్మ.

గంట తర్వాత ఫోను మోగింది.

“అమ్మా! ఏటయింది? గంటనుంచి ఒక్క ఫోనూ లేదు. బావున్నావా?” అంది అన్విత. ఇంతలో దానికేదో తట్టింది. “కుడి కుండీ ముట్టుకున్నావా? ముట్టుకునుంటే ఇప్పుడే సెప్పేయ్. సార్‌కి తప్పుడు లెక్క రాసివ్వలేను.”

ఫోనులో సముద్రం హోరు. ఇటు వక్కల కత్తెర ఆగిపోయింది. పురుగు ఆకు అంచున ఊరికే పడుంది. తులసి పైటకొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. అవతల అన్విత ఫోను పెట్టెయ్యలేదు.

“పందొమ్మిది సార్లు,” అంది తులసి చివరికి. “పందొమ్మిదిసార్లూ తీసిందమ్మా పాపం. కందిరీగ వచ్చినప్పుడే తియ్యలేదు.”