కళ్ళు తుడుచుకుని మెట్లెక్కండి

ఆ మూడంతస్తుల భవనానికి సెక్రటరీ అయినప్పటి నుంచి గడియారాలాయనకి నోటీసుల పిచ్చి పట్టుకుంది. వీధి మలుపులో ఆయనకి గడియారాలు బాగుచేసే కొట్టుంది. కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడంటే నలుసంత దుమ్మునైనా వదలడు. అదే మనిషి స్కెచ్ పెన్ను పట్టుకుంటే మాత్రం దీర్ఘాలు మింగేస్తాడు, ఒత్తులు ఎగ్గొడతాడు, ఒక్కోసారి అక్షరానికి అక్షరమే మాయం చేస్తాడు.

ఒక శనివారం మెట్ల పక్క గోడ మీద రెండు కొత్త నోటీసులు వెలిశాయి. ఒకటి బాల్కనీల్లో వేలాడే బట్టల గురించి, రెండోది మెట్ల ముందు కొత్తగా వేసిన, కాళ్ళు తుడుచుకునే పట్టా గురించి. కూరగాయల సంచీతో వస్తున్న ఆయన భార్య ఆగి చదివింది.

"బట్టలు మెడ మీదే ఆరేయండి. బాల్కనీల్లో వద్దు."

"కళ్ళు తుడుచుకుని మెట్లెక్కండి."

సంచీ కింద పెట్టి మరీ నవ్వుకుంది. పైకెళ్ళి మొగుడితో చెప్పింది.

"ఏమండీ, మేడకి దీర్ఘం పోయింది. కాళ్ళకీ పోయింది."

"ఎక్కడికి పోయింది?"

"జనాన్ని మెడ మీద బట్టలు ఆరేసుకోమన్నారు."

"చదివేవాడికి బుర్ర ఉంటుందిగా! అర్థమైతే చాలు. ఒక్క గీత కోసం నోటీసు చింపమంటావా?"

"మీ గడియారంలో చక్రానికి పన్ను విరిగితే, టైమెంతో అర్థమవుతుందిలే అని ఊరుకుంటారా?"

"అది గడియారం. ఇది కాగితం," అని ఆయన న్యూస్‌పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ పేపరు అడ్డం పెట్టుకోవడమే ఆవిడకి ఒళ్ళు మండించింది. చప్పుడు చేయకుండా మెట్లు దిగి మొదటి అంతస్తులో ఉండే నర్సమ్మ తలుపు కొట్టింది. తర్వాత ఇద్దరూ కలిసి కింద వాటాలో ఉండే, భవనంలో అందరూ బాబాయిగారని పిలిచే పెద్దాయన దగ్గరికి వెళ్ళారు. ఆయన ఉద్యోగం మానేసి చాలా కాలమైంది, చిలిపితనం మాత్రం మానలేదు.

"సెక్రటరీగారి మాట మనం జవదాటకూడదమ్మా," అన్నాడు బాబాయిగారు ముఖంలో నవ్వు పొక్కనివ్వకుండా.

ఆదివారం పొద్దున గడియారాలాయన పాల కోసం కిందికి దిగేసరికి నర్సమ్మ ఎదురైంది. మెడ చుట్టూ తడి దుప్పటి. నీళ్ళు మెట్ల మీద టపటపా కారుతున్నాయి.

"ఇదేంటమ్మా?"

"ఆరేశానండీ. మెడ లాగేస్తోంది గానీ, రూలు రూలే కదా!"

ఆవిడ వెనక రెండో అంతస్తు మొగుడూపెళ్ళాలు, ఒకరి మెడలో తడి ప్యాంటు, ఇంకొకరి మెడలో తడి లంగా. కింద బాబాయిగారు జేబురుమాలు తీసి, రెండు కళ్ళూ శ్రద్ధగా తుడుచుకుని, అప్పుడు మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"తుడుచుకోకుండా ఎక్కితే జరిమానా ఏమైనా ఉందా బాబూ?"

గడియారాలాయన ముఖం కందగడ్డలా అయింది. "అందరికీ వేళాకోళమైపోయింది," అని గొణుక్కుంటూ, పాల మాటే మరిచిపోయి, పైకెళ్ళి గడ్డం గీసుకునే నెపంతో స్నానాలగదిలో దూరాడు.

సరిగ్గా అప్పుడే ఆయన అక్కయ్య ఆటో దిగింది. చెప్పాపెట్టకుండా రావడం ఆవిడకి అలవాటు. గేటు దాటి చూస్తే మెట్ల దగ్గర నలుగురు నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆవిడ గబగబా దగ్గరికి వచ్చింది.

"ఏమైందండీ?"

బాబాయిగారికి అప్పటికే నవ్వాగడం లేదు. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, "సెక్రటరీగారు..." అని మాత్రం అనగలిగి, గోడ మీది నోటీసు వైపు వేలు పైకెత్తి చూపించాడు.

ఆవిడ నోటీసు చూడలేదు. పైకి లేచిన వేలు చూసింది. మెట్టు మీద కూలబడి చిన్నాన్నకి ఫోన్ చేసి, "తమ్ముడు మనకి లేడు చిన్నాన్నా!" అని ఘొల్లుమంది. కింద ఉన్నవాళ్ళు తేరుకునేలోపే ఏడుస్తూ మూడంతస్తులూ ఎక్కేసింది.

తలుపు తీసిన మరదలి మెడలో తడి తువ్వాలుంది. అక్కయ్య ఆమెని కావలించుకుంది.

"ఎంత కష్టమొచ్చిందే నీకు!"

నోటీసుల సంగతే అనుకుంది మరదలు. "ఏం చేస్తాం వదినా, అలవాటైపోయింది."

"అప్పుడేనా?" అంది అక్కయ్య ఏడుపు ఆపి.

ఇంతలో స్నానాలగది తలుపు తెరుచుకుంది. సగం ముఖానికి సబ్బు నురగతో తమ్ముడు బయటికి వచ్చి, "ఎప్పుడొచ్చావక్కా?" అన్నాడు. అక్కయ్య కెవ్వుమంది. ఆ తర్వాత హ్యాండ్‌బ్యాగుతో వాయించింది. "బతికుండి ఏంట్రా ఈ పని!"

అప్పటికే ఫోన్లు మొదలయ్యాయి. చిన్నాన్న చుట్టాలందరికీ కబురు చేరేశాడు. గడియారాలాయనకి చిరాకు నషాళానికంటింది. ఒక చేత్తో నురగ తుడుచుకుంటూ, ఇంకో చేతి బొటనవేలితో కుటుంబం గ్రూపులో ఓ మెసేజ్ కొట్టి, ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ఆపేసి మంచం మీద పడేశాడు.

మధ్యాహ్నానికి వాకిట్లో మూడు కార్లు ఆగాయి. ముందు చిన్నాన్న ఎక్కి వచ్చాడు, పక్కన ఇద్దరు మనవలు పట్టుకుని ఉన్నారు. తలుపు తీసింది గడియారాలాయనే. ముసలాయన గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"మీరెందుకొచ్చారు చిన్నాన్నా? నేను మెసేజ్ పెట్టాను కదా!"

"ఆ మెసేజ్ చూసేరా వచ్చాం. మీ ఆవిడ పెట్టిందనుకున్నాం."

అక్కయ్య తన ఫోన్ ఆన్ చేసి పైకి చదివింది. "అక్క చెప్పింది నమ్మండి. కంగారుపడి ఇంటికి రాండి."

"నమ్మకండి అనే కదా రాశాను! రాకండి అనే కదా రాశాను!"

"రెండు 'క'లు ఏం చేసుకున్నావురా?" అంది అక్కయ్య.

మెట్ల మీద నుంచి బాబాయిగారి నవ్వు ముందు వినబడింది. తర్వాత ఒక్కొక్కరే అందుకున్నారు. "దారంతా ఏడుస్తూనే వచ్చాను, ఇంత అన్నమైనా పెట్టు," అన్నాడు చిన్నాన్న. నర్సమ్మ దుప్పటి అవతల పడేసి కంచాలు తెచ్చింది. ఉన్న ఒక్క కూరే అందరికీ సర్దారు.

కానీ మంచినీళ్ళ గ్లాసు అందుకున్నప్పుడు చిన్నాన్న చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. ఇంటావిడకి నవ్వు ఆరిపోయింది. గడియారాలాయన కూడా అది చూశాడు. వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, గ్లాసు కింద చెయ్యి పెట్టి తాగించాడు.

చుట్టాలు కదిలాక స్కెచ్ పెన్ను తీసుకుని కిందికి వెళ్ళాడు. కాసేపటికి మెట్ల కింద నుంచి కేక వినబడింది.

"ఏమోయ్! 'మెట్లెక్కండి'లో 'క'కి ఒత్తుందా?"

"ఉంది!" అని పై నుంచి అరిచింది ఆవిడ.

సాయంత్రం ఆవిడ కంచాలు కడిగి అందిస్తుంటే ఆయన తుడుస్తూ నిలబడ్డాడు. చాలాసేపు ఆలోచించి అడిగాడు.

"ఈ వెధవ ఉపాయం అసలు ఎవరి బుర్రలో పుట్టిందంటావ్?"

"ఎవరో, బాగా చదవడం వచ్చినవాళ్ళే అయ్యుంటారు."

"దొరకాలి గానీ, ఊరుకునేది లేదు."

"మరే," అంది ఆవిడ, ఆఖరి కంచం ఆయన చేతిలో పెడుతూ.