అవ్వ లేదు

సిస్టర్లు ఏ రోజు వస్తారో ముందుగా చెప్పరు. యమున భయమంతా అక్కడే ఉంది.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఉన్న ఆ బడిని చుట్టుపక్కల అందరూ సిస్టర్ల బడి అంటారు. ఒకటో తరగతిలో సీట్లు తక్కువ. ముందు చర్చికి వచ్చే కేథలిక్ కుటుంబాల పిల్లలకు, ఫాదర్ ఇచ్చిన ఉత్తరం చూసి ఇస్తారు. తర్వాత ఇప్పటికే అక్కడ చదువుతున్న పిల్లల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. మిగిలిన కొన్ని సీట్లు దగ్గరి ఊళ్ల పిల్లలకు. వాళ్లకు పరీక్ష పెట్టరు, ఏబీసీడీలు అడగరు. ఇద్దరు సిస్టర్లు ఇంటికి వచ్చి కూర్చుని, కాసేపు మాట్లాడి వెళ్లిపోతారు. ఏం చూసి సీటు ఇస్తారో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టి ఊళ్లో ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకుంటారు.

యమున వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. కండ్లకోయలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. ఫీజు కౌంటర్ దగ్గరికి వచ్చే పిల్లల్లో సిస్టర్ల బడిలో చదివినవాళ్లను ఆమె ఇట్టే గుర్తుపడుతుంది. వాళ్లు తలెత్తి, కళ్లలోకి చూసి, తమకేం కావాలో తామే అడుగుతారు. డిగ్రీ అయిపోయాక కూడా తనకు అలా మాట్లాడటం రాలేదు. తన కొడుకు చింటుకు అది రావాలని ఆమె కోరిక. దానికి ఆ బడి తప్ప వేరే దారి ఉందని ఆమెకు అనిపించలేదు.

దరఖాస్తు ఇచ్చిన రోజు వరుసలో ముందు నిలబడ్డ సుచిత్ర అనే ఆమె మాటల్లో ఒక సంగతి చెప్పింది.

"మా ఆడిబిడ్డ కొడుకును గట్లనే తీస్కోలేదక్కా. ఆళ్లింట్ల దేవత పూనే ముసలామె ఉండె. సిస్టర్లు గడప కాన్నుంచే మర్లిపోయిండ్రట."

నిజమో కాదో యమున అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. ఆమె అత్త సాయమ్మ శివసత్తి. బోనాల రోజున మైసమ్మ పూని ఊగుతుంది. నుదుటి నిండా బొట్టు, పాదాలకు పసుపు, భుజం మీదికి జారే జడలు కట్టిన జుట్టు. మంగళవారం వస్తే పిల్లలు దడుచుకున్నారనో, ఇంట్లో బాగాలేదనో పక్క ఊళ్లనుంచి కూడా మనుషులు వచ్చి వాకిట్లో కూర్చుంటారు. ఆమెను చూసినవాళ్లెవరూ మామూలు ముసలమ్మ అనుకోరు.

యమున వెనకింటి ప్రిస్కిల్లాను అడిగింది. చర్చికి పోయే మనిషి కదా, తెలిసి ఉంటుందని. ప్రిస్కిల్లా కాసేపు ఆలోచించింది.

"మాది వేరే మందిరం వదినా. సిస్టర్లు ఏం సూస్తరో మాకేం ఎరుక? అయినా బతికున్న మనిషిని ఏడ దాస్తవు?"

దాచడం అనే మాట యమున అప్పటివరకు అనుకోలేదు. ఆ మాట విన్నాక మరొకటి తోచలేదు. సిస్టర్లు వచ్చి పోయేదాకా పగటిపూట అత్తను మీ ఇంట్లో కూర్చోనిస్తావా అని బతిమాలింది. ప్రిస్కిల్లా కాదనలేకపోయింది.

అత్తకు చెప్పడానికి యమున భర్త మల్లేష్‌కు నోరు రాలేదు. జీడిమెట్లలో కంపెనీ స్టాఫ్ బస్సు నడిపే మనిషి, ఎంతటి ట్రాఫిక్‌లోనైనా బెదరనివాడు, తల్లి ముందు తల దించుకుని నిలబడ్డాడు. యమునే చెప్పింది. అప్పటికే గోడ మీది మైసమ్మ పటం దించి, ఘటం, గవ్వల పేరు, పసుపు చీర కలిపి ట్రంకు పెట్టెలో పెట్టింది. సాయమ్మ ఖాళీ గోడను చూసింది.

"అమ్మనే దించినవు. ఇగ నేనెంత?" అంది.

"నాలుగొద్దులే అమ్మా," అన్నాడు మల్లేష్.

"లేకుంట ఉండుడు నాకేం కొత్త కాదు కొడుకా. అమ్మ నా మీదికొచ్చినప్పుడు నేను యాడుంట?"

వక్క సంచి తీసుకుని వెనకింటికి వెళ్లిపోయింది. చీకటి పడ్డాక వచ్చింది. మర్నాడు ఎవరూ చెప్పకుండానే మళ్లీ వెళ్లింది.

చింటుకు నేర్పడం అంత తేలికగా కాలేదు. ఇంట్లో ఎవరెవరు ఉంటారంటే వాడు అందరికంటే ముందు అవ్వ అనేవాడు. వాడికి నీళ్లు పోసేది అవ్వ, ముద్దలు కలిపి పెట్టేది అవ్వ, అంగన్‌వాడీనుంచి చేయిపట్టి తెచ్చేది అవ్వ. యమున బుజ్జగించింది, తర్వాత కసిరింది. వాడు "అమ్మ, బాపు, నేను" అని అప్పజెప్పడం నేర్చుకున్నాడు. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. సిస్టర్లు కసరరు కదా, మెత్తగా అడుగుతారు. మెత్తగా అడిగితే వీడు జారిపోతాడు.

అందుకని ఆమె కూడా మెత్తగా అడిగింది. ఒళ్లో కూర్చోబెట్టుకుని, చేతిలో బిస్కెట్ పెట్టి, తల నిమిరింది.

"మా చింటుకు అవ్వంటే మస్తు ఇష్టం గదా. అవ్వ ఏడున్నది బిడ్డా?"

వాడు నవ్వి వెనకింటివైపు చేయి చూపించాడు. యమున ఆ చేతి మీద కొట్టింది. బిస్కెట్ కింద పడింది. వాడు ఏడవలేదు. కొట్టిన చేతిని, నవ్వుతూ అడిగిన ముఖాన్ని మార్చి మార్చి చూశాడు.

అలా మరికొన్నిసార్లు చేసింది. చివరికి ఎవరు ఎంత ముద్దుగా అడిగినా వాడు "అవ్వ లేదు" అనడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం సాయమ్మ అన్నం కలిపి ముద్ద చేసి పిలిచింది. వాడు ముద్దవైపు చూడలేదు, తల్లి ముఖంవైపు చూశాడు. సాయమ్మ ముద్దను పళ్లెంలోనే పెట్టి చేయి కడుక్కుంది.

యమున ఆఫీసుకు సెలవు పెట్టింది, అత్తకు బాగాలేదని రాసి. ఎండలో తలుపు ఓరగా తెరిచి కూర్చునేది. వీధిలో ఏ బండి ఆగినా లేచేది. నీళ్ల క్యాన్ల ఆటో ఆగినా వాకిట్లోకి వచ్చి చూసేది.

ఒక మధ్యాహ్నం పిల్లలు పరుగెత్తుకొచ్చి సిస్టర్లు లచ్చయ్య ఇంటికాడ ఉన్నారని చెప్పారు. అక్కడికీ యమున ఇంటికీ మధ్య ఒక సందే. ఆమె చింటు ముఖం తుడిచి, చొక్కా మార్చి, చెవిలో ఒక్కసారి అడిగింది. వాడు ఒక్కసారి చెప్పాడు. అంతలో వాకిట్లో గొడుగు నీడ పడింది.

పెద్ద సిస్టర్ పేరు జసింత. బడికి హెడ్‌మిస్ట్రెస్ ఆమే. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఇచ్చిన నీళ్లు తాగి, గోడవైపు చూసింది. పటం తీసిన చోట రంగు మాయని చదరం ఒకటి మిగిలి ఉంది. సిస్టర్ చూపు తిప్పుకుని చింటును దగ్గరికి పిలిచింది. నీకు ఏ కూర ఇష్టం, ఎవరితో ఆడతావు అని అడిగింది. వాడు చేపల కూర అన్నాడు. ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగింది.

"అమ్మ, బాపు, నేను."

"మరి అమ్మ ఆఫీసుకు వెళ్తే నువ్వు ఎవరి దగ్గర ఉంటావు నాన్నా?"

ఈ ప్రశ్న యమున నేర్పలేదు. వాడు తల్లివైపు చూశాడు. సిస్టర్ కూడా చూసింది. వెనకింటి ప్రిస్కిల్లా చూసుకుంటుందని యమున అంది. ఆవిడ ఏం చేస్తుందని సిస్టర్ అడిగితే, బహదూర్‌పల్లిలో ఇళ్లపనికి పోతుందని చెప్పక తప్పలేదు. ఎన్నింటికి వస్తుందని సిస్టర్ అడగలేదు. అడగనవసరం లేదన్నట్టు లేచి నిలబడింది.

"మా బడి తొందరగా విడుస్తారమ్మా. కొన్నేళ్ల కిందట ఒక పాప బడినుంచి వెళ్లి, ఇంటికి తాళం ఉంటే ఆడుకుంటూ క్వారీ గుంతవైపు పోయింది. అప్పటినుంచి ఇంట్లో ఎదురుచూసే పెద్దవాళ్లు ఉన్నారో లేరో చూసి గాని మేం సీటు ఇవ్వడం లేదు. గేటు దగ్గర కూడా, తీసుకుపోయే మనిషి ఎవరో పిల్లలే చెప్పాలి. చెబితేనే పంపుతాం." గొడుగు తెరవబోతూ ఆగింది. "గోడ మీద ఎవరి పటం ఉందో మాకెందుకు?"

ఇంకో నాలుగు అడుగులేస్తే వాళ్లు వాకిలి దాటిపోతారు. నిజం చెబితే అబద్ధమాడినట్టు తేలిపోతుంది. చెప్పకపోతే అంతా ఇక్కడితో అయిపోతుంది.

"సిస్టర్, మా అత్తమ్మ ఉన్నది. ఇంట్లనే ఉంటది. పిల్లగాన్ని ఆమెనే సూస్కుంటది," అంది.

ఆ మాట పూర్తి కాకముందే చింటు ఆమె చీర పట్టుకుని గుంజాడు.

"లేదు. అవ్వ లేదు. అవ్వ లేదు."

చిన్న సిస్టర్ తల దించుకుంది. సిస్టర్ జసింత వాణ్ని, వాడి తల్లిని చూసి, ఆమె ఎక్కడుంది అని మాత్రం అడిగింది.

సాయమ్మ ప్రిస్కిల్లా ఇంటి వెనక బట్టలుతికే బండ పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నుదుటి నిండా బొట్టు అలాగే ఉంది. దాన్ని తుడుచుకొమ్మని చెప్పే ధైర్యం యమునకు ఎన్నడూ లేదు. సిస్టర్ నమస్కారం పెట్టి, రోజూ బడి గేటు దగ్గరికి వచ్చి మనవణ్ని తీసుకుపోగలరా అని అడిగింది. సాయమ్మ గింజలు తీయడం ఆపలేదు.

"నేను లేనుగదమ్మా. ఇంట్ల చెప్పలేదా మీకు?"

యమునకు ఇప్పుడు సిస్టర్ల భయం పోయి అత్త భయం పట్టుకుంది. ఇంతకాలం ఎవరినుంచి దాచిందో వాళ్ల చేతిలో లేదు సీటు. ఎవరిని దాచిందో ఆమె చేతిలో ఉంది. అత్తమ్మా అని ఒక్క మాట అని ఊరుకుంది. సాయమ్మ ఆమెవైపు చూడకుండా చింటును పిలిచింది.

"ఇటు రా బిడ్డా. నేనెవ్వర్ని?"

వాడు తల్లి వెనక్కి పోయాడు. చెప్పు అని యమున మెత్తగా అంది. ఆ మెత్తదనం వినగానే వాడి చేయి దానంతటదే వీపు వెనక్కి పోయింది.

"తెల్వదు," అన్నాడు.

సాయమ్మ చేతులు దులుపుకుంది.

"సూసిండ్రా సిస్టరమ్మా, ఎంత మంచిగ నేర్పిండ్రో. ఇంత చెప్పినట్టు ఇనే పిల్లగాడు మీకు మళ్ల దొరుకుతడా?" తర్వాత గొంతు తగ్గించింది. "నేనొస్త. వాడు నన్ను గుర్తు పడ్తడో లేదో అది వాని చేతుల ఉన్నది."

సిస్టర్ నవ్వలేదు. సీటు ఇస్తామని, మొదటి వారం గేటు దగ్గర చూస్తామని, తీసుకుపోయే మనిషి ఎవరో బాబు చెప్పకపోతే పంపడం కుదరదు కాబట్టి అప్పుడు ఆ సీటు ఇంకొకరికి పోతుందని చెప్పింది. ఆ మాటే మల్లేష్‌తో కూడా చెప్పమంది.

ఆ సాయంత్రమే మైసమ్మ పటం గోడ మీదికి ఎక్కింది. సాయమ్మ తన మూలకు తాను వచ్చింది. చింటు మాత్రం ఆమె దగ్గరికి రాలేదు. అవ్వ ఉంది, చెప్పొచ్చు, ఎవరూ కొట్టరు అని యమున ఎన్ని విధాల చెప్పినా వాడు ఆమె చేతినే చూస్తూ అవ్వ లేదనేవాడు. ఒట్టు వేసింది, వాడు అలాగే అన్నాడు. బిస్కెట్ ఇస్తే తీసుకోకుండా మంచం కిందికి దూరాడు. మల్లేష్ అడిగితే ఏమీ అనకుండా బయటికి పరుగెత్తాడు. బడి తెరిచే రోజు దగ్గరపడే కొద్దీ యమునకు అన్నం సయించలేదు.

"నువ్వు అడుగుడు బంజేయి," అంది సాయమ్మ. "గేటు కాడ కూడ నువ్వు కనవడకు. నిన్ను సూస్తే వానికి నోరు పెగలది."

అయినా మొదటి రోజు యమున ఉండలేకపోయింది. ఆఫీసులో అడిగి ముందే బయటపడి, బడికి ఎదురుగా రోడ్డవతల ఉన్న జిరాక్స్ షాపు గోడ పక్కన నిలబడింది. గంట కొట్టారు. వాచ్‌మన్ ఓదెలు పిల్లల్ని ఒక్కొక్కరిగా గేటు దాకా తెచ్చి, ఎవరొచ్చారు అని అడిగి పంపుతున్నాడు. పక్కన సిస్టర్ జసింత నిలబడి ఉంది. సాయమ్మ చివర్న ఉంది. ఆమె బొట్టును, జడలను చూసి ఒకరిద్దరు కొంచెం ఎడంగా జరిగారు.

చింటు వంతు వచ్చింది. ఓదెలు వంగి సాయమ్మను చూపించి అడిగాడు. వాడు ఆమెను చూశాడు. తర్వాత ఓదెలును, సిస్టర్‌ను, గుంపులో ఉన్న ఆడవాళ్లను ఒక్కొక్కరిని చూశాడు. తల్లి ముఖం కోసం వెతుకుతున్నాడని యమునకు తెలిసింది. ఏం చెబితే సరైనదో ఆ ముఖంలో చూసుకోవాలి వాడికి. ఆమె గోడకు అతుక్కుపోయింది. ఓదెలు మళ్లీ అడిగాడు. వాడు తల అడ్డంగా ఊపాడు. సిస్టర్ ఒక అడుగు ముందుకు వేసింది.

సాయమ్మ బతిమాలలేదు. పేరు పెట్టి పిలవలేదు. కొంగు భుజం మీద సర్దుకుని వెనక్కి తిరిగి, బస్టాపువైపు నడవడం మొదలుపెట్టింది. తొందర లేకుండా, తిరిగి చూడకుండా నడిచింది. మామిడికాయల బండి దాటింది. ఇంకొంచెం పోతే మలుపు.

"అవ్వా."

అంత చిన్న గొంతులోంచి అంత పెద్ద కేక వస్తుందని యమునకు తెలియదు. కాలేజీ బస్సుల మోతలో కూడా రోడ్డవతలికి వినిపించింది. "అవ్వా, నన్నిడిసి పోకు. మా అవ్వ. మా అవ్వ."

ఓదెలు చేయి వదిలాడు. వాడు పరుగెత్తి సాయమ్మ కొంగు పట్టుకున్నాడు. ఆమె ఆగి, వంగి, వాడి భుజం మీది సంచి తాను తీసుకుంది. సిస్టర్ జసింత తర్వాతి పిల్లవైపు తిరిగింది.

యమున అక్కడే కూలబడింది. సీటు పోలేదు. రోడ్డు దాటి వెళ్లి వాణ్ని ఎత్తుకోవాలనిపించి లేవబోయింది. అప్పుడే చూసింది. కొంగు పిడికిట్లో బిగించి పట్టుకుని, అవ్వ పక్కన నాలుగు అడుగులు వేసిన చింటు ఆగి, వెనక్కి తిరిగి, రెండో చేతిని వీపు వెనక దాచుకుని రోడ్డు ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూస్తున్నాడు. ఎవరైనా చూశారేమోనని.

ఆమె మళ్లీ గోడ వెనక్కి జరిగింది. వాళ్లిద్దరూ మలుపు తిరిగేదాకా బయటికి రాలేదు.