ఆఖరి చుక్క

కుడివైపు కూర్చుని పాలు పితకడం లోకమంతా చేసేదే. భర్పాయి మాత్రం గేదెకి ఎడమవైపు చతికిలబడుతుంది. పొట్ట మాట్లాడేది ఆ పక్కనే గదా! డొక్కకి చెవి ఆనించి, లోపల తిరగలి తిరిగినట్టు వచ్చే చప్పుడు వింటూ పితుకుతుంది. గడ్డి పాలెలా అవుతుందో ఆమెకి ఎవరూ చెప్పలేదు. అడగడం ఆమె మానలేదు.

ఇవాళ పొద్దున్నే అలాగే చెవి పెట్టింది. చప్పుడు లేదు.

"ఏం పెద్దమ్మా, రేడియో వస్తోందా?" కొట్టం యజమానురాలు రిసాలో మేతగంప దించుతూ నవ్వింది.

"ఆగిపోయిందే రిసాలో. చెవులు చూడు, మంచు ముద్దల్లా ఉన్నాయి."

మొన్న ఈనిన గేదె భూరి లేవడం లేదు. మెడ వంచి తల డొక్కమీద పెట్టుకుని పడుకుంది. బెల్లం కలిపిన గోధుమ జావ ముందే ఉంది, మూతి కూడా పెట్టలేదు. రిసాలో నవ్వు ఆగిపోయింది. ఆ ఇంటికి ఆధారం ఆ ఒక్క గేదే.

జింద్ పట్నం పక్కనున్న ఆ ఊళ్ళో గేదె ఈనితే వీధిలో ప్రతి గడపకీ జున్నుపాలు పంపాలి. ఒక్క గడప తప్పినా ఏడాదంతా దెప్పుతారు. అందుకే భర్పాయిని పిలుస్తారు. ఎముకలు తేలిన చెయ్యి, కాయ కాసిన బొటనవేలు, అయినా ఆమె లేచాక పొదుగులో చుక్క మిగిలిందని ఎవరూ అనలేదు. మొగుడు పోయి, పిల్లలు దక్కక, ఆమెకి మిగిలిన పేరు అదొక్కటే.

పశువుల డాక్టర్ సత్‌బీర్ మోటారుసైకిల్ దిగి, భూరి మెడలో సూది గుచ్చి సీసా వేలాడదీశాడు. గుండెమీద గొట్టం పెట్టి వింటూ, మందు మెల్లగా వదిలాడు.

"ఏమైందయ్యా దీనికి?"

"ఒంట్లో సున్నం పాలల్లోకి దిగిపోయింది పెద్దమ్మా. నెత్తుట్లో మిగల్లేదు. కాళ్ళు నిలబడవు, పొట్ట కదలదు."

"ఇంతింత బొమికలున్నాయి, వాటిలో లేదా సున్నం?"

"ఉంది. గాదెలో గోధుమలుంటే మాత్రం, తలుపు తెరిచేదాకా ఆకలి ఆగుతుందా?"

"అబ్బ! మరి ఆ తలుపెవరు తెరుస్తారు?"

సత్‌బీర్‌కి నవ్వొచ్చింది. "అదే తెరుచుకుంటుంది, టైము పడుతుంది. ఈలోగా ఇంత ఊడ్చి పిండిందెవరు?"

"నేనే." గర్వంగానే అని, డాక్టరు మొహంకేసి చూసింది.

"నాలుగు రోజులు సగమే తియ్యి. మిగతాది పొదుగులో ఉండనీ."

ఆమె తన చేతులకేసి చూసుకుంది. ఎన్ని గేదెలు ఇలా పడ్డాయి! దిష్టి తగిలిందని ఎన్నిసార్లు మిరపకాయలు కాల్చింది!

సీసా అయ్యేలోపే భూరి ఒళ్ళు వణికింది. పెద్దగా త్రేన్చింది. పేడ వేసింది. చివరికి వెనక కాళ్ళు ఊని లేచి నిలబడింది.

"లేచావా తల్లీ! నిన్ను పడగొట్టింది నేనేనటే," అని భర్పాయి దాని గంగడోలు నిమిరి నిమిరి ఏడ్చింది.

సాయంత్రం దూడ తాగాక, ఎండ గోడెక్కే వేళ, ఎడమవైపే కూర్చుంది. బకెట్టు సగం కాగానే చేతులు ఆపి, దాన్ని పక్కన పెట్టి వచ్చి మళ్ళీ కూర్చుంది. వేళ్ళు ఊరుకోలేదు, వాటంతటవే ముడుచుకున్నాయి. వాటిని ఒళ్ళో పెట్టుకుని, చెవి డొక్కకి ఆనించింది. లోపల మెల్లగా తిరగలి కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. గడ్డి ఎటు పోతోందో ఇప్పుడైనా తెలుస్తుందేమోనని కళ్ళు మూసుకుంది.

రిసాలో దీపం తెచ్చేసరికి ఆమె అలాగే ఉంది. భూరి కదలకుండా నిలబడి నెమరేస్తోంది.

"పెద్దమ్మా!" భుజం తడితే తల పక్కకి వాలింది.

వీధి వీధంతా కొట్టంలోకి వచ్చింది. "పొదుగులో ఇంకా పాలున్నాయే! పని సగంలో వదిలి పోయిందే పాపం," అని ఆడవాళ్ళు ఏడ్చారు.

గోడవారగా, గేదె కాలు తగలనంత దూరంలో, సగం నిండిన బకెట్టు ఉంది. దాని మూతికి భర్పాయి తన తలమీది ఓణీ చెంగు చింపి, దుమ్ము పడకుండా నీటుగా బిగించి కట్టిపెట్టింది.