యుగాల తరబడి నిలబడ్డ మనిషి

వరసలో మూడో స్థానంలో ఉండాల్సిన నాగశ్రీ నీలం పట్టీల చెప్పులు మాయమయ్యాయి.

అమలాపురంలోని ఆ ఆధార్ కేంద్రంలో రోజుకు ఇరవై టోకెన్లే ఇస్తారు. తెల్లారగానే వచ్చి, మెట్ల ముందు గచ్చు మీద చెప్పులు విడిచి చోటు పట్టుకోవడం అక్కడి పద్ధతి. మనిషి ఎక్కడ కూర్చున్నా చెప్పులు నిలబడితే చాలు. ఎనిమిదిన్నరకు జల్లు పడితే అందరితోపాటు ఆమె కూడా వట్టి కాళ్లతో ఎదుటి టీకొట్టు పంచలోకి పరుగెత్తింది. పావుగంటలో తిరిగి వచ్చేసరికి ఇదీ సంగతి. వెనక చూస్తే ముప్ఫై జతలు.

రేపు కాకినాడలో టీచరు ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన. ఆధార్‌లో ఇంటిపేరు తప్పు పడింది. ఈ రోజు దిద్దుబాటుకు పెట్టి ఆ రసీదైనా చూపించకపోతే ఆరేళ్లు చదివి సంపాదించిన ఉద్యోగం చేజారినట్టే.

ఆమె చోట్లో ఒక రెగ్జిన్ సంచి ఉంది. దాని పక్కన శివనాగరాజు. కొబ్బరికాయల వ్యాపారి, పై రాష్ట్రాల షావుకార్లతో మాట్లాడ్డానికి ఆమె దగ్గరే సాయంత్రాలు ఇంగ్లీషు నేర్చుకుంటున్నాడు.

“గుడ్ మార్నింగ్ టీచర్‌గారూ! ఐ హావ్ బీన్ వెయిటింగ్ ఫర్ ఏజెస్ అండి. ఐ యామ్ గ్రోయింగ్ ఓల్డ్ హియర్!”

నిన్నటి పాఠమే అది. మనవాళ్ల కళ్లు కాయలు కాసినట్టే, ఎదురుచూపుతో విసిగిన ఇంగ్లీషువాళ్లు కూడా ఎలా కోతలు కోస్తారో తనే చెప్పింది.

“ఎన్నింటికొచ్చేరు శివనాగరాజుగారూ?”

“యుగాలైందండీ బాబూ!”

“గడియారంలో యుగాల ముల్లు ఉండదండి. టైం చెప్పండి.”

“ఫరెవర్ అండి, ఫరెవర్!”

నాగశ్రీ వరసలో మొదటి మనిషి వైపు తిరిగింది. “మామ్మగారూ, మీరెప్పుడొచ్చేరు?”

“ఆరూ పదికమ్మా,” అంది బుచ్చమ్మ. “అప్పనపల్లి నుంచి మొదటి బస్సు.”

రెండో మనిషి సత్యదుర్గారావు ఫోన్లోంచి తలెత్తేడు. “ఆరూ ఇరవై రెండండి. నా వెనకాల ఎవరున్నారో మాత్రం అడక్కండి, చూళ్లేదు.”

“ఫోన్లో తల దూర్చితే ఏనుగు నిలబడినా కనపడదులే నాయనా!” అంది బుచ్చమ్మ.

నాగశ్రీకి చిక్కుముడి కొస దొరికింది. నిజంగా కాచుకున్నవాడు నిమిషాలు లెక్కపెడతాడు. యుగాలు లెక్కపెట్టేవాడు ఇప్పుడే వచ్చినవాడు!

తలుపు తెరుచుకుంది. టోకెన్లు పట్టుకుని కేంద్రం ఉద్యోగి రమణి బయటికొచ్చింది.

“ఒక్క నిమిషం రమణిగారూ! శివనాగరాజుగారూ, ఆ సంచి ఎప్పుడు పెట్టేరు?”

“జల్లుకి ముందేనండి. ప్రామిస్.”

“అయితే దాని కింద గచ్చు పొడిగా ఉండాలి.”

అతను నోరు విప్పేలోగా ఆమె సంచి ఎత్తేసింది. కింద తడి. ఆ తడి మధ్యలో రెండు చిన్న పాదాల ఆకారంలో గచ్చు పొడిగా మిగిలింది.

“అదుగోనమ్మా, నీలం పట్టీ!” బుచ్చమ్మ ప్రహరీ వారన ఎండు కొబ్బరిమట్టల గుట్ట వైపు చెయ్యి చూపింది.

నాగశ్రీ మట్టలు లాగి, చెప్పులు తీసి, తెచ్చి ఆ పొడి మరకల మీద పెట్టింది. అచ్చు గుద్దినట్టు సరిపోయాయి.

వరసంతా చప్పట్లు కొట్టింది. “మూడో టోకెన్ నాగశ్రీగారికి,” అంది రమణి. “ఆ సంచి చివరికి.”

పదింటికి, దిద్దుబాటు రసీదు జెండాలా ఎత్తి పట్టుకుని నాగశ్రీ మెట్లు దిగింది. రేపటి కాకినాడ బస్సు ఇక ఆమెదే. టోకెను దొరక్కపోయినా, ఎవరైనా మానుకుంటారేమోనని వరస చిట్టచివర శివనాగరాజు సంచి గుండెలకు హత్తుకుని నిలబడ్డాడు.

“ఇప్పుడైనా చెప్పండి శివనాగరాజుగారూ.”

“ఆయ్, నేనేనండి. కొబ్బరి లారీ పదకొండింటికి బయల్దేరాలండి. జల్లు ఆగీ ఆగగానే అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చి, చిన్న చెప్పులు కదా, ఎవరో చిన్నపిల్లవనుకుని మట్టల్లోకి విసిరేసేను. మీవని తెలిస్తే ఒట్టండి, ముట్టుకునేవాణ్ణే కాదు... పక్క జత విసిరేవాణ్ణి. నేనొచ్చింది ఎనిమిదీ నలభై రెండుకండి టీచర్‌గారూ. మీరడిగేసరికి సరిగ్గా మూడు నిమిషాలైంది.”